అందరి నొప్పీ రెండే

మా డాన్స్ కంపెనీలో రోజూ పొద్దున తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు పదిహేడు మంది వరసలో నిలబడి ఒకే అబద్ధం రాస్తారు.

రిహార్సల్ హాలు తలుపు పక్కన తెల్లబోర్డు ఉంటుంది. ఎడమవైపు మా పేర్లు, కుడివైపు ఖాళీ గళ్లు. ఆ గడిలో ఇవాళ ఒంట్లో నొప్పి ఎంతుందో ఒక అంకె వెయ్యాలి. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే అంబులెన్స్. ఈ ఏర్పాటు చేసింది మా ఫిజియోథెరపిస్టు. పాపం, చదువుకున్న మనిషి కదా, డాన్సర్లు నిజం రాస్తారని నమ్మేసింది.

మొదటి రోజు నేను సున్నా వేశాను. పక్కన ఒక నవ్వు మొహం కూడా గీశాను. వెనకాల వరసలో ఎవరో ఫక్కున నవ్వారు. తిరిగి చూస్తే బామ్మ. బామ్మకి ముప్పై రెండేళ్లు. కంపెనీలో పద్నాలుగేళ్లుగా ఉంది కాబట్టి బామ్మ. మా లెక్కలో పాతికేళ్లు దాటితే పెద్దమనిషి, ముప్పై దాటితే పురావస్తు శాఖ.

"సున్నా ఏంటే? శవానివా?" అంది.

"నిజంగానే ఏం నొప్పి లేదక్కా."

"లేకపోతే మాత్రం రాసేస్తావా? సున్నా వేస్తే అబద్ధమని లోపలికి పిలుస్తుంది. నాలుగు వేస్తే నిజమని లోపలికి పిలుస్తుంది. రెండు వేస్తే ఎవరూ పిలవరు. రెండు వేసి, పోయి గెంతు."

బోర్డు చూశాను. పైనుంచి కిందదాకా రెండు, రెండు, రెండు. మడమకి పట్టీ వేసుకుని కుంటుతున్న అన్నయ్యకీ రెండే. నడుం పట్టేసి గోడకి ఆనుకుని నిలబడ్డ అక్కకీ రెండే. నవ్వు మొహం చెరిపేసి నేనూ రెండు వేశాను. ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి స్టెప్పు అదే.

ఉద్యోగం అన్నాను కానీ ఇంకా ఉద్యోగం కాదు. పన్నెండు వారాల ట్రయల్. పన్నెండో వారం చివర పెద్దమేడమ్ కూర్చుని చూస్తుంది. నచ్చితే ఉంచుకుంటుంది, లేకపోతే టాటా. పెద్దమేడమ్ అంటే కంపెనీ నడిపే ఆవిడ. కుడి తుంటి ప్లాస్టిక్‌ది, చూపు మాత్రం ఉక్కుది. నాతోపాటు ట్రయల్‌లో ఇంకో అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి కాలు ఎత్తితే ట్యూబ్‌లైట్ తుడవొచ్చు, అందుకని జిరాఫీ అని పేరు పెట్టాను. తను నాకేం పేరు పెట్టిందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు.

అంతకుముందు నేను సాయంత్రం క్లాసుల పిల్లని. వారానికి తొమ్మిది గంటలు. క్లాసులో అందరికంటే ముందు వరస, మా టీచర్ కంటికి వెలుగు. ఆ ధైర్యంతో ఇక్కడికొచ్చాను. ఇక్కడ రోజుకి ఆరు గంటలు, వారానికి ఆరు రోజులు. మొదటి వారం మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగేదాన్ని. అయినా చెప్పలేనంత సంతోషం! పొద్దున లేవగానే ఒళ్లంతా నొప్పి, అది కూడా గొప్పగానే ఉండేది, పతకం మెళ్లో వేసుకుని నిద్రలేచినట్టు.

నాలాంటి తెలివైనవాళ్లు ముప్పై ఆరు గంటలతో ఆగుతారా? హాలు మూసేశాక కారిడార్‌లో టైల్స్ మీద ఇంకో గంట. హాల్లో చెక్క నేల గెంతితే కాస్త ఒదుగుతుంది. టైల్స్ ఒదగవు. నేనూ ఒదగలేదు. జిరాఫీ ఇంటికెళ్లిపోతూ నన్ను చూడాలి, కుళ్లుకోవాలి, అదీ అసలు ఉద్దేశం. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా చూడలేదు. చెవుల్లో పాటలు పెట్టుకుని అరటిపండు తింటూ వెళ్లిపోయేది. తిండి! నేను మధ్యాహ్నం సగం తిని సగం డబ్బాలోనే ఉంచేసేదాన్ని, కడుపు నిండితే గెంతు బరువవుతుందని ఎక్కడో విన్నాను.

ఆరో వారంలో కుడికాలి ముందెముక మీద, చీలమండకి జానెడు పైన, ఒక చోట మొదలైంది. ముందు గెంతేటప్పుడే. తర్వాత నడిచేటప్పుడు. ఏడో వారానికి ఊరికే కూర్చున్నా పళ్లు సలిపినట్టు సలుపు. కండరాల నొప్పి అయితే అరచేత్తో చూపిస్తాం కదా, ఇక్కడో, ఇక్కడో అని. ఇది అలా కాదు, బొటనవేలితో కప్పేయొచ్చు, ఖచ్చితంగా అక్కడే. ఆడలేక మద్దెల ఓడందట అని ఎవరైనా అంటారేమోనని నోరు మూసుకున్నాను. ట్రయల్ ఇంకా ఐదు వారాలు. ఐదు వారాలు కాలుని ఎలాగోలా బతిమాలి లాక్కెళితే, తర్వాత ఉద్యోగం వచ్చాక తీరిగ్గా విరగ్గొట్టుకోవచ్చు. ఇది నిజంగా నా ప్లాను. మళ్లీ చదవండి, నిజంగా ఇదే నా ప్లాను.

బోర్డు మీద రెండు వేశాను.

ఆ రోజు టీ విరామంలో బాత్రూమ్‌లో వాష్‌బేసిన్ పక్కన కూర్చుని ఐసు గడ్డ ఎముక మీద అదుముకుంటుంటే తలుపు తీసుకుని ఫిజియో వచ్చింది. ఆవిడకి మేం పెట్టిన పేరు బొటనవేలు. ఎవరెక్కడ నొప్పన్నా బొటనవేలితో అక్కడే పొడుస్తుంది.

"ఏంటమ్మా అది?"

"చాలా ఉక్కగా ఉందండీ."

"కాలికేనా ఉక్క?"

రెండు నిమిషాల్లో ఆవిడ గదిలో ఉన్నాను. బల్ల, గోడకి అతికించిన ఎముకల బొమ్మ, కిటికీలో వాడిపోతున్న మొక్క. "ఒంటికాలి మీద పది గెంతులు గెంతు. ముందు ఎడమకాలు" అంది.

గెంతాను. ధబ్ ధబ్ ధబ్. నాలుగోదానికి తూలి బల్ల పట్టుకున్నాను, ఏడోదానికి జుట్టు మొహం మీద పడింది.

"ఇప్పుడు కుడికాలు."

నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ గెంతలేదు. మెడ నిటారుగా, భుజాలు కిందికి, వేళ్లు మొనదేలి, దిగేటప్పుడు పిల్లి కూడా సిగ్గుపడేంత నిశ్శబ్దం. పది గెంతులూ ఒకే ఎత్తు. లోపల ఎముకలో మేకు దిగుతున్నట్టుంది, మొహం మీద మాత్రం చిరునవ్వు. పదోదాని తర్వాత ఒక క్షణం అలాగే నిలిచాను, చప్పట్లకి చోటిచ్చినట్టు.

బొటనవేలు చప్పట్లు కొట్టలేదు.

"ఎడమకాలి మీద బస్సు తప్పిపోతున్నదానిలా గెంతావు. కుడికాలి మీద ముందు వరసలో మంత్రిగారు కూర్చున్నట్టు గెంతావు. ఎన్నాళ్లయింది?"

"ఏది అండీ?"

"నొప్పి లేనివాళ్లెవరూ ఇంత అందంగా గెంతరు తల్లీ. ఎన్నాళ్లయింది?"

నేను నోరు తెరిచేలోపు ఆవిడ బొటనవేలు వెతుక్కుంటూ వచ్చి సరిగ్గా అక్కడే ఆగింది. నేను అరిచిన అరుపుకి హాల్లో పాట ఆగిపోయిందని తర్వాత చెప్పారు.

"వారానికి ఎన్ని గంటలు చేసేదానివి, ఇక్కడికి రాకముందు?"

"తొమ్మిది."

"ఇప్పుడు?"

"ముప్పై ఆరు." టైల్స్ గుర్తొచ్చి, "కారిడార్‌లో ఇంకో ఆరు" అన్నాను.

"ఉద్యోగం వచ్చిందని నీకు తెలుసు, మీ అమ్మానాన్నకి తెలుసు. ఎముకకి చెప్పావా?"

చెప్పలేదు. నిజంగానే ఎవరూ చెప్పలేదు.

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "ఎముకకి కొత్త బరువు అలవాటవడానికి టైం కావాలి. ఒక్కసారిగా నాలుగింతలు మోయిస్తే లోపల చిన్న చిన్నగా బీటలేస్తుంది. ఇప్పుడాపితే కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఆపకపోతే ఒకరోజు స్టేజి మీద టప్పుమంటుంది, అప్పుడు నెలలు. నాకు అనుమానంగానే ఉంది, స్కాన్ తీస్తే గానీ చెప్పలేను. కానీ ఇక్కడో రూలుంది. బోర్డు మీద నీ చేత్తో మూడు దాటి వేస్తేనే నేను స్కాన్‌కి పంపగలను, రిహార్సల్ ఆపగలను. రెండు వేసినవాళ్లని ఆపే అధికారం నాకు లేదు."

"అయితే రెండు వేస్తే...?"

"రెండు వేస్తే పోయి గెంతు. మీ బామ్మ చెప్పలా?"

అంటే ఆవిడకి అంతా తెలుసన్నమాట! అంత తెలిసీ రోజూ ఆ బోర్డు తుడిచి పెడుతోంది.

ఇంటికెళ్తూ మెట్లెక్కుతుంటే పైనుంచి మా నాన్న గొంతు. "కుడికాలికేమైంది?" తలుపు కూడా తియ్యలేదు, మనిషి లోపల సోఫాలో ఉన్నాడు. మా నాన్న లిఫ్టుల మెకానిక్. ఇరవై ఏడేళ్లుగా చెవులతోనే బతుకుతున్నాడు. మోటారు దగ్గితే మూడో అంతస్తు నుంచి గుర్తుపడతాడు, కూతురు కుంటితే గుర్తుపట్టడా.

"ఏం కాలేదు నాన్నా."

"ఎడమ, ఎడమ, కుడి, ఎడమ... అలా ఎవరెక్కుతారే మెట్లు?"

చెప్పేశాను. అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "కాలు విరిగేదాకా చెప్పకపోతే ఎలాగే నువ్వు? పుట్టినప్పుడు కూడా అంతే, ఆస్పత్రికెళ్లేదాకా తల అడ్డంగా ఉందని చెప్పలేదు."

"అమ్మా, అప్పుడు నాకు మాటలు రావు."

"ఇప్పుడొచ్చాయిగా!"

నాన్న టీవీ గొంతు తగ్గించాడు. "లిఫ్టు తాడు చూశావా ఎప్పుడైనా? ఉక్కు పోగులు పేని చేస్తారు. ఒక పోగు తెగుతుంది, లిఫ్టు నడుస్తుంది. నాలుగు తెగుతాయి, అయినా నడుస్తుంది. ఎక్కినవాళ్లకి ఏం తెలీదు, అద్దంలో తల దువ్వుకుంటుంటారు. అందుకే మేం వెళ్లి తెగిన పోగులు లెక్కపెడతాం."

"నాన్నా, నా కాలు లిఫ్టు కాదు."

"కాదులే. లిఫ్టయితే నెలకోసారి మనిషొచ్చి చూస్తాడు."

అమ్మ కంచం ముందు పెట్టి, ఒక్క మెతుకు మిగిల్చినా ఊరుకోనంది. తిన్నాను. అంతా తిన్నాను. ఎంత ఆకలేస్తోందో ఆరు వారాలుగా నాకు తెలియనే లేదు.

మర్నాడు తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు మార్కర్ పట్టుకుని నిలబడ్డాను. నా ముందు జిరాఫీ రెండు వేసి పక్కకి జరిగింది. గడి ఖాళీగా ఉంది. రెండు వేస్తే ఐదు వారాలు, ఒకవేళ ఉద్యోగం, ఒకవేళ టప్పు. మూడు దాటితే ఉద్యోగం పోయినట్టే, అప్పటికి నాకు తెలిసినంతలో అంతే. చెయ్యి రెండు వెయ్యడానికి అలవాటు పడిపోయింది, దానంతట అదే వంపు తిరగబోయింది. ఆపి, దాన్ని ఆరు చేశాను. మధ్యలో మార్చాను కాబట్టి కొంచెం సున్నాలాగా ఉంది. చెరిపి మళ్లీ వేశాను.

వెనకాల వరసంతా బోర్డు వైపు వంగింది.

"పిచ్చిదానా, ఆరా?" బామ్మ నా చెవిలో అంది. "ఈ బోర్డు మీద ఆరు నేనెప్పుడూ చూడలేదే. ఒకడు మోకాలు జారితే కూడా మూడే వేశాడు, అదీ ఎడమచేత్తో."

"నొప్పి ఆరే అక్కా."

"నాకు మాత్రం కాదా?" అంది. అని, నాలుక కరుచుకుని తన గడిలో రెండు వేసుకుంది.

స్కాన్‌లో బీట ఇంకా పడలేదు కానీ పడటానికి దరఖాస్తు పెట్టుకుంది. ఎనిమిది వారాలు గెంతులు బంద్, అందులో మొదటి మూడు కాలు కదలకుండా పట్టే గట్టి బూటు తొడుక్కుని. ఆ కాగితం తీసుకుని పెద్దమేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కాగితాన్ని కాకుండా నా బూటుని చూసింది.

"పన్నెండో వారం చూసి చెప్తానన్నాను. పన్నెండో వారం నువ్వు కుర్చీలో ఉంటావు. ఏం చూడమంటావు, నువ్వు కూర్చునే పద్ధతా?"

"బాగానే కూర్చుంటానండీ" అన్నాను. నోరు అలా అలవాటైపోయింది, ఏం చెయ్యను.

ఆవిడ నవ్వలేదు. "నువ్వు మంచిదానివే. కానీ ట్రయల్ అంటే ట్రయలే. వచ్చే ఏడాది మళ్లీ రా."

ఇంటికొచ్చి ఏడ్చాను. ఎలా ఏడ్చానంటే కింద ఫ్లాటావిడ కుళాయి పగిలిందేమోనని పైకొచ్చి చూసింది. అమ్మ ఆవిడకి సర్దిచెబుతుంటే నాన్న అడిగాడు, "కాంట్రాక్టు ఎక్కడుంది?"

"ఏమో నాన్నా. సంతకం పెట్టిన రోజు బ్యాగులో పెట్టాను."

"చదవలేదా?"

చదవలేదు. దాని మీద సంతకం పెట్టింది హాల్లో అద్దం ముందు, సంతకం పెడుతుంటే నా చెయ్యి అద్దంలో ఎలా కనిపిస్తోందో చూసుకున్నాను. బ్యాగులో అడుగున, ఎండిపోయిన నారింజ తొక్క కింద దొరికింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని నేరుగా నాలుగో పేజీ తిప్పాడు. "ఏ కాంట్రాక్టులోనైనా అసలు సంగతి చివరి పేజీకి ముందు పేజీలో దాస్తారు. లిఫ్టు కంపెనీలూ అంతే." వేలితో ఒక్కో వాక్యం కింద నడిపించి ఒకచోట ఆపాడు. పని వల్ల దెబ్బ తగిలి, ఫిజియో రాతపూర్వకంగా ఆపిన రోజులు ట్రయల్ కాలంలోకి రావు. ఆ రోజులు పోను మిగిలిన వారాలు తర్వాత పూర్తి చేసుకోవచ్చు.

"రాతపూర్వకంగా అంటే?" అంది అమ్మ.

"అంటే ఇది ఆరు వేసింది కాబట్టి. రెండు వేసుకుంటూ పోయి ఉంటే ఈ వాక్యం దండగ."

మర్నాడు బూటుతో టకటకలాడుతూ వెళ్లి పెద్దమేడమ్ బల్ల మీద నాలుగో పేజీ పెట్టాను. చదివింది. మళ్లీ చదివింది.

"ఇది ఎవరు రాశారు?"

"కింద మీ సంతకం ఉందండీ."

సంతకం వైపు చూసింది. తర్వాత నా వైపు. "నేను సంతకం పెట్టేటప్పుడు ఎదురుగా అద్దం ఉందా?"

"ఉందండీ."

"అదీ సంగతి" అంది, పేజీ తిరిగిచ్చేసి. "ఐదు వారాలు నీకు బాకీ. ఫిజియో ఎప్పుడు పంపితే అప్పుడు రా. దానికంటే ఒక్కరోజు ముందొచ్చావో, నా తుంటి మార్చిన డాక్టర్ నంబరు నేనే ఇస్తాను."

జిరాఫీని పన్నెండో వారం ఉంచేసుకున్నారు. అది చూడ్డానికి నేను కుర్చీలో ఉన్నాను. అద్భుతంగా చేసింది, చెప్పక తప్పదు. అయిపోయాక నా దగ్గరికొచ్చి, "నువ్వు రోజూ కారిడార్‌లో ఏం చేసేదానివి? ఎవరో టైల్స్ వేస్తున్నారనుకున్నా" అంది.

ఎనిమిది వారాలు దాటి ఇంకో వారం పట్టింది. ముందు నీళ్లలో నడక, తర్వాత సైకిలు, తర్వాత మడమలెత్తడం, అది కూడా బొటనవేలు చెప్పినన్నే, ఒక్కటి ఎక్కువ చేసినా ఆవిడకి ఎలాగో తెలిసిపోయేది. చివరికి ఒకరోజు గదిలోకి పిలిచి, "కుడికాలు, పది" అంది.

గెంతాను. రెండోదానికే ఒరిగాను. మోచెయ్యి ఎముకల బొమ్మకి తగిలి దాని పుర్రె చిరిగింది. మడమ ధబ్బున దిగింది, నాలుక బయటికొచ్చింది, లెక్క తప్పి పదకొండు గెంతాను.

ఆవిడ చేతులు కట్టుకుని చూస్తోంది. "నటిస్తున్నావా?"

"లేదండీ. నిజంగానే ఇంత దరిద్రంగా వచ్చింది."

బొటనవేలితో పొడిచింది. ఏమీ లేదు. వేలు ఒట్టి వేలులాగా ఉంది. "పో" అంది. "రోజుకి రెండు గంటలతో మొదలుపెట్టు."

తర్వాతి వారాలు నేను బోర్డు మీద ఉన్నదున్నట్టు వేశాను. ఒకటి. మూడు. ఒకటి. ఒకరోజు నిజంగానే రెండొచ్చింది, ఎవరూ నమ్మలేదు. మూడు వేసిన రోజు పెద్దమేడమ్ గెంతులు తీసేసి చేతుల పని ఇచ్చేది. ఐదో వారం చివర కూర్చుని చూసింది. చూసి, వేదాంతం ఏమీ చెప్పకుండా, "ఉంటున్నావు. పదిహేడు మందిలో ఎవరికి ఎంత పని చెప్పాలో నాకు తెలిసేది నీ ఒక్కదాని విషయంలోనే. అదొక సౌకర్యం" అంది. బాగా చేశావని అనలేదు. అనదు కూడా. నేను ఇంటికి మెట్లెక్కుతుంటే నాన్న లోపల్నుంచి అరిచాడు, "వచ్చిందా ఉద్యోగం?" ఎలా తెలిసిందని అడగలేదు, రెండేసి మెట్లు ఎక్కుతున్నాను మరి.

మర్నాడు పొద్దున వరసలో బామ్మ నా ముందుంది. మార్కర్ పట్టుకుని చాలాసేపు నిలబడింది. వెనకాల జిరాఫీ గొణుగుతోంది. బామ్మ చుట్టూ చూసి, గడికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఐదు వేసి, కారిడార్‌లో ఫిజియో గది వైపు నడిచి వెళ్లిపోయింది.

తొమ్మిదిన్నరకి హాల్లో పాట మధ్యలో ఆగినప్పుడు ఫిజియో గదిలోంచి స్పష్టంగా వినిపించింది.

"అమ్మా తల్లీ, చిరునవ్వు తియ్యండి! చేతులు దించండి! గెంతమన్నాను, అంతే, మామూలుగా గెంతండి!"